ఇరవై ఐదా... ఇరవై ఐదుకా?

రాత్రి పదిన్నరకి ఇస్నాపూర్‌లో రూముకొచ్చి, నాలుగు ముద్దలు తిని, ఫోన్ పట్టుకుని పడుకుంటే మా రూమ్మేట్ నా స్క్రీన్‌లోకి తొంగి చూస్తాడు. వాడి ఫోన్లో రీల్స్ ఆడుతుంటాయి. నా ఫోన్లో ‘ఖాళీలు పూరించండి’ టైపు క్విజ్. ‘హీ ఈజ్ గుడ్ డ్యాష్ మ్యాథ్స్’. ఇన్ అనాలా, ఎట్ అనాలా? (ఎట్. నేను చాలాకాలం ఇన్ అనే అన్నాను.)

‘‘ఇరవయ్యారేళ్లొచ్చినయ్, కెమిస్ట్‌వి. ఇంకా ఐదో తరగతి పోరగాని లెక్క ఈ ఇన్‌లు, ఆన్‌లు ఏందిరా?’’ అంటాడు.

నవ్వి ఊరుకుంటాను. సమాధానం చెప్పాలంటే 2022 నవంబర్‌లో ఒక రాత్రి గురించి చెప్పాలి. అది వాడికి కూడా పూర్తిగా చెప్పలేదు.

మాది జోగిపేట దగ్గర ఊరు. పది దాకా తెలుగు మీడియం. ప్రిపొజిషన్లు మా సార్ ఎలా చెప్పారో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. సుద్దముక్కల డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టారు. సుద్దముక్క డబ్బాలో వేసి ‘ఇన్ అంటే లో’ అన్నారు. డబ్బా మీద పెట్టి ‘ఆన్ అంటే మీద’. టేబుల్ కింద పెట్టి ‘అండర్ అంటే కింద’. ఐదు నిమిషాల్లో అందరికీ వచ్చేసింది. ఇంగ్లీషులో నాకు అంత సులువుగా వచ్చినవి అవే. తర్వాత నన్ను ఎక్కువ ఏడిపించినవీ అవే.

ఎందుకంటే జీవితం డబ్బా, సుద్దముక్క కాదు కదా. ‘సోమవారం వస్తా, పొద్దున్న వస్తా, రాత్రి వస్తా’ అంటాం మనం. ఏ మాటకీ ఏమీ తగిలించం. ఇంగ్లీషులోకొచ్చేసరికి ఆన్ మండే, ఇన్ ది మార్నింగ్, ఎట్ నైట్. మనకి ఒక్క తోక కూడా అక్కర్లేని చోట వాళ్లకి మూడు రకాల తలలు! సరే, మన భాష మాత్రం డబ్బా లెక్కన నడుస్తుందా అంటే అదీ లేదు. జహీరాబాద్ బస్సు సంగారెడ్డి మీదుగా పోతుంది. అంటే ఊరి నెత్తి మీద నుంచి పోతుందనా? ‘పని మీద వచ్చా’ అంటాం. పని మీద ఎవడు కూర్చోగలడు? ఇవన్నీ మనకి వింతగా అనిపించవు. అమ్మ భాషలో వింతలు కనపడవు, అంతే.

డిగ్రీ అయ్యాక 2021లో ఈ బెల్టులోనే ఒక మందుల ముడిసరుకు కంపెనీలో ట్రైనీ కెమిస్ట్‌గా చేరాను. పేరు వద్దు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం... ఈ వరసలో ఏ గేటు లోపలికెళ్లినా దాదాపు ఇదే సీను. కాగితాల మీద ఇంగ్లీషు. మెషీన్ల దగ్గర హిందీ, ఎందుకంటే పక్కన పనిచేసేవాళ్లలో ఒడిశా, బీహార్, జార్ఖండ్ వాళ్లు బోలెడు మంది. టీ దగ్గర తెలుగు. ఒకే మాట రోజులో మూడుసార్లు బట్టలు మార్చుకుంటుంది. ఆ మార్చుకునేటప్పుడే గుండీ ఎక్కడో ఊడుతుంది.

మా పనికి గుండెకాయ బీఎంఆర్. బ్యాచ్ మ్యానుఫ్యాక్చరింగ్ రికార్డ్. ఎన్ని కిలోలు వేశారు, ఎన్ని గంటలకు వేశారు, అప్పుడు టెంపరేచర్ ఎంత, ఎవరు చేశారు, ఎవరు చూశారు... అన్నీ చేసినప్పుడే రాయాలి. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు. ఒకే ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. కింద ఉన్న తప్పు చదవడానికి వీలుగా ఉండాలి. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు వచ్చినా, యూరప్ నుంచి వచ్చినా మొదట అడిగేవాటిలో ఈ కాగితాలుంటాయి. రాసి లేదంటే చేయనట్టే లెక్క.

ఆ కాగితంలో ఒక ముక్క ఇలా ఉంటుంది: ‘కూల్ టు 25. యాడ్ ఓవర్ 90 మినిట్స్. మెయింటైన్ బిలో 30. స్టిర్ ఫర్ 2 అవర్స్. వాష్ విత్ వాటర్. డ్రై అండర్ వ్యాక్యూమ్ ఎట్ 60’. టు, ఓవర్, బిలో, ఫర్, విత్, అండర్, ఎట్. వీటిని బొటనవేలితో మూసి చదివి చూడండి. కూల్ 25, యాడ్ 90 మినిట్స్, డ్రై వ్యాక్యూమ్ 60. మందు కాదు, పొడుపుకథ తయారవుతుంది.

చేరిన మొదటి నెలలోనే ‘ఓవర్’ నాకు దెబ్బేసింది. ‘యాడ్ ఓవర్ 90 మినిట్స్’ అంటే ‘90 నిమిషాలు దాటాక వేయాలి’ అనుకున్నాను. ఓవర్ అంటే పైన కదా, 90 పైన! వాచీ చూస్తూ నిలబడ్డాను. అరగంటయ్యాక సీనియర్ ఒకాయన వచ్చి, ‘‘ఏం బాబూ, దేనికోసం చూస్తున్నావ్?’’ అన్నాడు. ‘‘90 నిమిషాలు అవ్వాలి సార్’’ అన్నా. ఆయన నవ్వలేదు, అదృష్టం. ‘‘కొంచెం కొంచెంగా వేస్తూ, మొత్తం వేయడానికి గంటన్నర పట్టేలా చూడు అని దానర్థం. ఒకేసారి కుమ్మరిస్తే వేడి పుడుతుంది, లాక్కెళ్లడానికి టైమివ్వాలి’’ అన్నాడు. ‘అండర్ వ్యాక్యూమ్’ దగ్గర కూడా ఒక పూట ఆగిపోయాను. వ్యాక్యూమ్ కింద ఏముంటుందని వెతకాలి? మనమైతే వ్యాక్యూమ్‌లో ఆరబెట్టు అంటాం. అక్కడ డబ్బా, సుద్దముక్క పాఠం పూర్తిగా చేతులెత్తేసింది.

ఇక ఆ రాత్రి.

నాది బీ షిఫ్టు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. ఒక రియాక్టర్లో రియాక్షన్ అయిపోయింది. లోపలి మాస్ 60 డిగ్రీల దగ్గర ఉంది. శాంపిల్ క్యూసీకి పంపాను, రిజల్ట్ ఇంకా రాలేదు. అది వచ్చాక 60 నుంచి 25 డిగ్రీలకు చల్లార్చి, అప్పుడు తర్వాతి రియేజెంట్ మెల్లగా వదలాలి. అది వేడి పుట్టించే స్టెప్. అందుకే 25. బస్సు పదింబావుకి. పదికి ఐదు నిమిషాలుందనగా హ్యాండోవర్ బుక్కులో గబగబా రాశాను: ‘ఆఫ్టర్ క్యూసీ క్లియరెన్స్, రెడ్యూస్ టెంపరేచర్ బై 25 డిగ్రీస్ అండ్ స్టార్ట్ అడిషన్’.

బై ఎందుకు రాశానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. రెడ్యూస్ పక్కన బై నా చెవికి అలవాటు. ఆ ఏడాది మే నెలలో కేంద్రం పెట్రోల్ మీద ఎక్సైజ్ సుంకం లీటరుకి 8 రూపాయలు తగ్గించింది. ఎక్కడ చూసినా బై 8, బై 8. క్రికెట్‌లో బై 5 వికెట్స్. వినీవినీ రెడ్యూస్ బై అనేది మొగుడూ పెళ్లాల్లా జంటగా కూర్చుండిపోయింది. అర్థం చూసి రాయలేదు, రాగం చూసి రాశాను.

నైట్ షిఫ్టు కెమిస్ట్ ఉత్తరాది ఆయన, ఎమ్మెస్సీ. ఇంగ్లీషు మంచిగా వచ్చు. ఇక్కడే ఉంది అసలు విషయం. ఆయన నా నోటు కరెక్టుగా చదివాడు. బై 25 అంటే 25 డిగ్రీలు తగ్గించమని. ఆపరేటర్‌కి హిందీలో కూడా కరెక్టుగా చెప్పాడు: ‘‘క్యూసీ ఓకే ఆయా. పచ్చీస్ డిగ్రీ కమ్ కర్కే అడిషన్ చాలూ కర్దో.’’ చెప్పి, పక్క బ్యాచ్ సెంట్రిఫ్యూజ్‌లో ఉందని అటు పరిగెత్తాడు. బీఎంఆర్ తెరిచి చూసుకుని ఉండాల్సింది. చూడలేదు. నాలాంటి ఇంగ్లీషు వచ్చినవాడు ఆ నోటు చదివుంటే ఏమీ అయ్యేది కాదు. నా తప్పు నాకు అర్థమయినట్టే వాడికీ అర్థమయ్యేది.

ఆపరేటర్ జిన్నారం వైపు ఆయన. నలభై దాటాయి. నేను అన్నా అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. కాంట్రాక్టు మనిషి. ఇంగ్లీషు చదవడం రాదు, రియాక్టర్‌ని మాత్రం శబ్దం విని చెప్పేస్తాడు ఎలా ఉందో. 60లోంచి 25 తీసేస్తే 35. అన్న 35కి తెచ్చాడు, లైను తెరిచాడు.

కాసేపటికి 41. ఇంకాసేపటికి 47. ఎవరినీ అడగలేదు, ఎవరి కోసం ఆగలేదు. అడిషన్ వాల్వు బంద్ చేసి, బ్రైన్ మొత్తం తెరిచి, అప్పుడు కెమిస్ట్‌ని పిలిచాడు. ఇరవై నిమిషాలకు మెల్లగా దిగడం మొదలైంది. ప్రమాదం కాలేదు. అలారం కూడా మోగలేదు. నాకు ఏ కలా రాలేదు, రూములో హాయిగా నిద్రపోతున్నాను.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీకెళ్లేసరికి బ్యాచ్ హోల్డ్‌లో ఉంది. క్యూసీ పరీక్షలో ఒక ఇంప్యూరిటీ హద్దు దాటింది. డీవియేషన్ రిపోర్టు మొదలైంది. డ్రాఫ్టులో ఒక వాక్యం నాకింకా గుర్తు: ‘ఆపరేటర్ స్టార్టెడ్ ది అడిషన్ ఎట్ రాంగ్ టెంపరేచర్’. కారణం: మానవ తప్పిదం. ఆ వాక్యంలో ప్రిపొజిషన్ మాత్రం సరిగ్గానే ఉంది.

అన్నకి మెమో ఇచ్చారు. కాంట్రాక్టు మనిషికి మెమో అంటే ఏంటో ఈ బెల్టులో పనిచేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకరోజు గేటు దగ్గర కార్డు పెడితే గేటు తెరుచుకోదు. అంతే, ఇంకెవరూ ఏమీ చెప్పరు.

నైట్ కెమిస్ట్‌ని అడిగితే ‘రాసినట్టే చెప్పాను’ అన్నాడు. నిజమే చెప్పాడు. హ్యాండోవర్ బుక్కు కూడా చూశారు. చూసి మూసేశారు. ఎందుకంటే బీఎంఆర్‌లో 25 ఉంది, నా నోట్లో 25 ఉంది. అంకె కలిసింది. అంకె పక్కన ఉన్న రెండక్షరాల మాట ఎవరి కంటికీ ఆనలేదు. నేను కూడా మొదటిసారి చూసినప్పుడు నా నోటు కరెక్టే అనుకున్నాను. నిజంగా.

ఆ సాయంత్రం టీ దగ్గర అన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నా. ఏమనాలో తెలీక ‘‘ఏమైందన్నా రాత్రి?’’ అన్నా.

‘‘ఏమైతది తమ్మీ. ఇర్వై అయిదు తగ్గియ్యుమన్నడు, తగ్గిచ్చిన. ఇర్వై అయిదుకు తగ్గియ్యుమంటే ఇర్వై అయిదుకే తెద్దును గద. నాకేం తెలుసు?’’

చేతిలో టీ అలాగే ఉండిపోయింది. ఇర్వై అయిదు. ఇర్వై అయిదుకు. ఒక్క ‘కు’. నా నోటు గుర్తొచ్చింది. బై 25 అంటే 25 తగ్గించు. టు 25 అంటే 25కు తగ్గించు. రెడ్యూస్ టు అని రాయాల్సిన చోట రెడ్యూస్ బై రాశానని నాకు ఇంగ్లీషు చదివినవాళ్లెవరూ చెప్పలేదు. ఇంగ్లీషు చదవడం రాని మనిషి చెప్పాడు, తన తప్పు లేదని చెప్పుకోవడానికి.

వెంటనే లేచి వెళ్లి ఒప్పుకున్నానని రాస్తే బాగుండేది. రెండు రోజులు నోరు మూసుకున్నాను. అప్పటికి ట్రైనీ పీరియడ్ ముగిసి కన్ఫర్మేషన్ లెటర్ రావాల్సి ఉంది. అంతకంటే సిగ్గుపడే విషయం ఇంకోటుంది. రెండో రోజు హ్యాండోవర్ బుక్కు నా ముందే ఉంది, షాపులో ఎవరూ లేరు, పెన్ను జేబులో ఉంది. ‘బై’ మీద గీత కొట్టి ‘టు’ అని రాసి, మొన్నటి తేదీ వేస్తే... ఇంగ్లీషులో రెండక్షరాలు తీసి రెండక్షరాలు పెట్టడమే. పేజీ తెరిచాను కూడా. పాత తేదీ వేసి రికార్డు దిద్దడమంటే మా ఫీల్డులో దొంగ సంతకంతో సమానం. కానీ నిజం చెప్పాలంటే నన్ను ఆపింది ఆ రూలు కాదు. ‘టు’ అని దిద్దితే అన్న చేసింది తప్పని నేనే సంతకం పెట్టినట్టు అవుతుంది. ఆయన నాలుక మీదున్న ‘కు’ తీసేసినట్టు.

మూడో రోజు మేనేజర్ దగ్గరికి బుక్కు పట్టుకెళ్లాను. ‘‘సార్, తప్పు నాది. బై రాశాను, టు రాయాలి’’ అన్నా. ఆయన ఒకసారి చదివాడు, మళ్లీ చదివాడు. ‘‘కరెక్టే కదా ఇది?’’ అన్నాడు. తెలుగులో చెప్పాల్సొచ్చింది: ‘‘ఇరవై ఐదు తగ్గించు అని రాశాను సార్. ఇరవై ఐదుకు తగ్గించు అని కాదు.’’ అప్పుడు కుర్చీలో వెనక్కి వాలాడు.

రిపోర్టు మారింది. అన్న మెమో వెనక్కి తీసుకున్నారు. నాకూ నైట్ కెమిస్ట్‌కీ మళ్లీ ట్రైనింగ్. నా కన్ఫర్మేషన్ ఆరు నెలలు వెనక్కి పోయింది. నెల తిరగకముందే కాంట్రాక్టర్ అన్నని వేరే బ్లాకుకి మార్చాడు. దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. మరో ఆరునెలలకి ఆయనే మానేసి గడ్డపోతారంలో ఇంకో చోట చేరాడు.

అప్పట్నుంచి మొదలైంది నా పిచ్చి. మొదట రాపిడెక్స్ తెచ్చుకున్నా, యూట్యూబ్‌లో ‘50 ప్రిపొజిషన్లు 10 నిమిషాల్లో’ లాంటివి చూశా. లిస్టు బట్టీ పడితే లిస్టు వస్తుంది, ఇంగ్లీషు రాదు. నాకు పనికొచ్చింది అన్న మాటే. ఏదైనా రాసేముందు ఇదే సంగతి అమ్మతో ఫోన్లో చెప్తే అంకెకి ఏం తగిలిస్తానో లోపల అనుకుంటాను. అప్పుడు ఇంగ్లీషు మాట వెతుక్కుంటాను. ‘బై అంటే ఏంటి?’ అని అడిగితే జవాబు లేదు. బై బస్ అంటే బస్సులో. బై మండే అంటే సోమవారం కల్లా. రిటెన్ బై మీ అంటే నేను రాసింది. బై 25 అంటే అసలు తోకే లేదు, ఉత్త 25. ఒక్క బైకి మన దగ్గర నాలుగు రకాల వేషాలు. అందుకే డిక్షనరీలో బై దగ్గరికెళ్లి లాభం లేదు. మన మాట దగ్గర బయల్దేరాలి.

ఒక్కోసారి మన తోకే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది, అదీ చూసుకోవాలి. ‘2021 నుంచి చేస్తున్నా’, ‘నాలుగేళ్ల నుంచి చేస్తున్నా’. రెండింటికీ మనకి నుంచే. హిందీలోనూ రెండింటికీ ‘సే’నే. ఇంగ్లీషుకి మాత్రం మొదలైన రోజుకి సిన్స్, గడిచిన కాలానికి ఫర్. అందుకే మా ఇంటర్వ్యూ లైన్లో నిలబడ్డ పదిమందీ ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అంటారు, నేనూ అన్నాను. ‘దాని గురించి చర్చించాం’ అంటాం కాబట్టి డిస్కస్ పక్కన అబౌట్ దూరిపోతుంది, అక్కడ అది అక్కర్లేదు.

ఇంకోచోట తెలుగే కాపాడుతుంది. మా మెయిల్స్‌లో ‘ఐ విల్ సబ్మిట్ ది రిపోర్ట్ టిల్ మండే’ అని కనపడుతుంటుంది. ఇది హిందీ ‘తక్’ ప్రభావం అని నా అనుమానం. ‘సోమ్‌వార్ తక్ దే దూంగా’, ‘సోమ్‌వార్ తక్ రుకో’, రెండింటికీ తక్. మనకి తేడా ఉంది. సోమవారం కల్లా ఇస్తా, సోమవారం దాకా ఆగు. కల్లా అంటే బై, దాకా అంటే టిల్. మనం పుట్టినప్పట్నుంచీ వాడుతున్న తేడా. దాన్ని వదిలేసి షాపు హిందీలోంచి ఇంగ్లీషులోకి దూకితే కాలు జారుతుంది.

యాసిడ్ సంగతి కూడా చెప్పాలి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, ఇంటర్‌ ల్యాబ్‌లోనే చెప్తారు. తెలుగులో ‘యాసిడ్ నీళ్లలో పొయ్యి’ అన్నా, ‘నీళ్లలో యాసిడ్ పొయ్యి’ అన్నా ఒకటే. తోక నీళ్లకి అతుక్కుని ఉంటుంది, మాటల్ని అటూఇటూ తిప్పినా ఊడిపోదు. ఇంగ్లీషులో యాడ్ యాసిడ్ టు వాటర్. టు ఎవరికీ అతుక్కోదు, తర్వాత వచ్చేవాడిది అది. రెండు మాటలు తారుమారు చేస్తే ముఖాన చింది పడుతుంది.

నిజానికి వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషుకి కూడా మనలాగే మాట చివర తోకలుండేవి. మన విభక్తుల్లాంటివే. కాలం గడిచేకొద్దీ అవి అరిగిపోయాయి. హీ, హిమ్, హిజ్ లాంటి చోట్ల కాస్త మిగిలాయి. తోకలు పోయాక ఆ బరువంతా ముందుండే ఈ చిన్నచిన్న మాటల నెత్తిన పడింది. అది తెలిశాక నాకు ఇన్, ఆన్, ఎట్‌ల మీద కోపం కొంచెం తగ్గింది. మోయలేని బరువు మోస్తున్నాయి పాపం. వాళ్లకీ తికమకలున్నాయి మరి. బ్రిటిష్‌వాళ్లు ఎట్ ది వీకెండ్ అంటారు, అమెరికన్లు ఆన్ ది వీకెండ్. న్యూయార్క్‌లో చాలామంది క్యూలో నిలబడితే ఆన్ లైన్ అంటారట, ఫోన్ చేతిలో లేకపోయినా! ఇలాంటివి తప్పు రాస్తే ఎవడో నవ్వుతాడు, అంతకుమించి ఏం కాదు. నవ్వనీ. నాకు భయం నవ్వేవాటితో కాదు, ఎవరూ నవ్వకుండా కరెక్టేగా అనుకుని దాటిపోయేవాటితో.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కంపెనీలో జరిగిన పేలుడు మీకు గుర్తుండే ఉంటుంది. 40 మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పనికొచ్చినవాళ్లు. దానికీ నేను చెప్పే కథకీ ఏ సంబంధమూ లేదు, కలపను కూడా. కానీ ఆ రోజు పొద్దున్న నుంచి మా ఫోన్లన్నీ మోగుతూనే ఉన్నాయి. అమ్మ ఐదుసార్లు చేసింది. అన్న కూడా చేశాడు, ‘‘తమ్మీ, మంచిగున్నవా?’’ అని. ‘‘ఉన్నా అన్నా. నువ్వు?’’ ‘‘ఉన్న.’’ ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. నాకు 47 డిగ్రీల దగ్గర వాల్వు బంద్ చేసిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ రాత్రి గురించి రాయాలని అప్పుడే అనుకున్నా. ఇన్నాళ్లకి కుదిరింది.

ఇప్పుడు నేను హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు రాసింది చదివి వినిపిస్తాను, అవతలివాళ్లు వాళ్ల మాటల్లో తిరిగి చెప్పాలి. తెలుగువాళ్లయితే ‘‘కు ఉందా, లేదా?’’ అని అడుగుతాను. కొత్తగా వచ్చిన పిల్లలకి మొదట్లో ఇది జోక్‌లా ఉంటుంది. ఒకడు నాకు ‘కు సార్’ అని పేరు కూడా పెట్టాడు. పెట్టుకోనీ.

ఒడిశా కుర్రాడు ఒకడున్నాడు, తెలుగు ఇప్పుడిప్పుడే వస్తోంది. మొన్న వాడితో హిందీలో ‘‘చాలీస్ తక్ లానా’’ అన్నా. వాడు ఆగి, ‘‘చాలీస్ తక్, యా చాలీస్ కమ్?’’ అని నన్నే తిరిగి అడిగాడు. నాకు భలే అనిపించింది. వాడికి ఎవరు నేర్పారో అడగలేదు.

పోయిన వారం అన్న దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. ఏదో డ్రమ్ము మీది లేబుల్, సగం తడిసి ఉంది. ‘స్టోర్ బిలో 25’ అని. కింద వాయిస్ మెసేజ్: ‘‘తమ్మీ, గిది ఇర్వై అయిదుల పెట్టుమనా, ఇర్వై అయిదు లోపలనా?’’

‘‘లోపల అన్నా. ఇరవై ఐదు దాటొద్దు’’ అని పంపాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. కాసేపటికి ఇంకో వాయిస్ మెసేజ్. వెనకాల మెషీన్ మోత. ‘‘గదే అనుకున్న. ఈడ కొత్త పోరడు ఇర్వై అయిదు ఉండాలె అంటుండు. వానితోని జెర మాట్లాడు, ఫోనిస్త.’’